ఒక్క మనిషిని పిలుచుకుని రండి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఎమ్మిగనూరులో ఎవరినడిగినా చెబుతారు. ఉంటుంది, కాదనను. గ్రంథాలయంలో కూర్చుని ఫోనులో ఊరంతా వినపడేలా మాట్లాడేవాణ్ణి, దినపత్రికలో సినిమా పేజీ చించి జేబులో పెట్టుకునేవాణ్ణి, రెండు కుర్చీలు కలిపి కాళ్ళు బారచాపేవాణ్ణి చూస్తే కోపం రాక ముద్దొస్తుందా? నా పేరు ఇందిరాబాయి. అక్కడి శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకురాలిని. ఏప్రిల్ ఆఖరుకు రిటైరవుతాను. ఫిబ్రవరిలో ఆదోనికి శిక్షణకు రమ్మని ఫోను వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది.

"ఇంక రెండు నెల్లకు ఇంటికి పోయేదాన్ని, నాకెందుకప్పా ట్రైనింగు? నేర్చుకుని ఎవర్ని ఉద్ధరించల్ల?" అన్నాను.

"అందరూ రావల్లంట మేడం. పేర్లు పైకి పోయినాయి," అన్నాడు అవతలి గుమాస్తా.

పేర్లు పైకి పోయాక మనిషి కింద ఉండి ఏం లాభం? పొద్దున్నే బస్సెక్కాను. ఆదోని మార్కెట్ యార్డు దగ్గర పత్తి లారీల వెనక బస్సు ఇరుక్కుపోయింది. కిటికీలోంచి దూదిపింజలు వచ్చి తలనిండా అతుక్కున్నాయి. హాల్లోకి అడుగుపెట్టి నెత్తి దులుపుకుంటుంటే, మద్దికెర నుంచి వచ్చిన మా తోటి గ్రంథపాలకురాలు కృపమ్మ "ఏం మేడం, ఒక్క బస్సుకే ముసలైపోతిరా?" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె అందరితోనూ అట్లాగే నవ్వుతుంది, నాకది ముందు నుంచీ నచ్చదు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి పేరు దీపశ్రీ. నా ఉద్యోగమంత వయసు కూడా ఉండదు. గోడకు "అందరి గ్రంథాలయం" అని గుడ్డ కట్టించింది. కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ అంది, ఇన్‌క్లూజివ్ సర్వీసెస్ అంది, ఆ తర్వాత మా మొహాలు చూసి తెలుగులోకి దిగింది.

"చెవులు వినపడనివాళ్ళు, కళ్ళు కనపడనివాళ్ళు, మెట్లు ఎక్కలేనివాళ్ళు, చదువు రానివాళ్ళు, పొద్దున పోయి పొద్దుగూకినాక కూలి నుంచి వచ్చేవాళ్ళు... వీళ్ళకు మీ తలుపు తెరిచి ఉందా?" అని అడిగింది.

నేను ఊరుకోవచ్చు. కానీ నోరు ఊరుకోదు కదా.

"మా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటాదమ్మా. రానివాళ్ళని నేను పోయి చంకనెత్తుకుని రావల్లనా?"

హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. అబ్బే, ఆమె కూడా నవ్వింది.

"ఎత్తుకుని రావద్దు మేడం. పిలుచుకుని రండి. అది కూడా ఊరందర్నీ కాదు, ఒక్క మనిషిని."

అట్లా నా నోటితోనే నా మెడకు ఉచ్చు బిగించుకున్నాను. వచ్చే బుధవారం మళ్ళీ అందరూ రావాలట. ఒక్కొక్కరూ తమ గ్రంథాలయానికి వచ్చే ఒక మనిషిని వెంటబెట్టుకుని రావాలట. వాళ్ళకు ముందు వరుసలో కుర్చీలు వేస్తారట. గ్రంథాలయం తమకేమిటో, ఇంకా ఏం కావాలో వాళ్ళు చెబితే మేము నోరు మూసుకుని వినాలట.

దానికి ముందు ఒక పని చేయించింది. తలా ఒక పెద్ద తెల్లకాగితం ఇచ్చి, మధ్యలో మీ గ్రంథాలయం గీసి చుట్టూ అక్కడికి వచ్చేవాళ్ళ పేర్లు రాయండి అంది. నేను గది గీశాను. ఒక పక్క "పేపర్ల వాళ్ళు" అని రాశాను. ఇంకో పక్క "పరీక్షల పిల్లలు" అని రాశాను. నా పని అయిపోయింది. కృపమ్మ కాగితం వైపు చూస్తే, చీమలబారులాగా పేర్లే పేర్లు.

దీపశ్రీ నా దగ్గరికి వచ్చి వంగి చూసింది. "పేర్లు మేడం," అంది మెల్లిగా.

"దినమూ వచ్చి సంతకాలు పెట్టి పోతారమ్మా, పేర్లకేం తక్కువ?"

"మీకు గుర్తున్నవి రాయండి."

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మొహాలు వస్తున్నాయి. కళ్ళజోడు మొహం, బట్టతల మొహం, నీలం చొక్కా మొహం. పేర్లు మాత్రం రావడం లేదు. ఆఖరికి నాగన్న అని ఒకటి రాశాను. పొద్దున ఎనిమిదికి నాకంటే ముందు గేటు దగ్గర నిలబడే పెద్దమనిషి. తర్వాత ఈశ్వరి అని ఇంకొకటి రాశాను. ఆ పిల్ల పేరు ఎందుకు గుర్తుందంటే, నా చేత అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఆమే.

సాయంత్రం ఇల్లు చేరి బీగం తీశాను. మాది మంత్రాలయంలో మఠం సేవ చేసుకుని బతికిన కుటుంబం. నాన్న పోయాక అమ్మా నేనూ ఎమ్మిగనూరు చేరాం. నాకు పెళ్ళి కుదరలేదు, కుదరలేదని నేనేమీ ఏడవలేదు. అమ్మ నిరుడు పోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో నాకు జవాబు చెప్పేది కుక్కరొక్కటే. దానితోనే అన్నాను: "ఇన్నేళ్ళు చేసిన ఉద్యోగానికి ఒక్క మనిషి దొరకడా? దొరక్కపోతే నేను చేసిందేమిటి మరి?" అనేశాక భయమేసింది. అప్పటిదాకా అది దీపశ్రీ పెట్టిన పరీక్షే అనుకున్నాను. ఏప్రిల్ తర్వాత నా గురించి "ఆ మేడం ఉండేది" అని తలచుకోడానికి ఒక్క ప్రాణి అయినా ఉందా అన్నదే నా అసలు భయం.

మరుసటి పొద్దున నాగన్న ఎప్పటిలాగే గేటు దగ్గర ఉన్నాడు. బీగం తీస్తూ, "నాగన్నా, మీతో ఒక మాట," అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. "నేను చించలేదు మేడం ఆ పేజీ. ఆటల పేజీ తప్ప నేను ఏదీ ముట్టుకోను."

"పేజీ సంగతి కాదు. బుధవారం నాతో ఆదోనికి వస్తారా? గ్రంథాలయం గురించి నాలుగు మాటలు చెప్పేదుంది."

"కంప్లైంటు ఏమన్నా వచ్చిందా మేడం?"

"కంప్లైంటు లేదు, ఏమీ లేదు. ఊరికే."

"ఊరికే అంటే..." అని ఆయన తల గోక్కున్నాడు. "నేను పేపరుకు వస్తా మేడం. చూసుకుని పోతా. దాన్ని గురించి చెప్పేకి ఏముంటాది? ఇంట్లో పేపరు వేయించుకుంటే ఈడికి కూడా రాను." నా మొహంలో ఏం కనబడిందో, "తప్పుగా అనుకోవద్దండి," అని చేర్చి గబగబా లోపలికి పోయి పేపరు వెనక దాక్కున్నాడు.

ఏమనుకోను? నిజమే చెప్పాడు.

సాయంత్రం పరీక్షల పిల్లల దగ్గరికి పోయాను. వాళ్ళు గ్రంథాలయం పుస్తకాలు ముట్టరు. తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వాళ్ళకు మా దగ్గర కావలసింది ఫ్యాను కింద కుర్చీ, ఫోను ఛార్జింగు. అందులో ప్రణవ్ అని ఒకడు బుద్ధిమంతుడు, కుర్చీ జరిపినా చప్పుడు కానివ్వడు. వాడి పేరు కూడా ఆ రోజు వాడి పుస్తకం అట్ట మీద చూసి తెలుసుకున్నాను. సంగతి చెబితే శ్రద్ధగానే విన్నాడు.

"బుధవారం మాక్ టెస్ట్ ఉంది మేడం. లేకపోతే వచ్చేవాణ్ణే," అన్నాడు. ఆ "వచ్చేవాణ్ణే" అన్న ముక్కకే నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో వాడే, "కావాలంటే నేను రాసిస్తా మేడం, మీరు ఆడ చదవండి," అని కాగితం తీసి రెండు వాక్యాలు రాసి ఆగాడు. తలెత్తి, "మేడం, మీ పేరేమి మేడం?" అన్నాడు.

రెండేళ్ళుగా వస్తున్నాడు. నేను వాడి పేరు అడగలేదు, వాడు నా పేరు అడగలేదు. చెల్లుకు చెల్లు. "వద్దులే నాయనా, చదువుకో," అని నా కుర్చీలోకి వచ్చి పడ్డాను.

ఇంక మిగిలింది ఈశ్వరి.

ఈశ్వరిది కోసిగి దారిలో ఒక మెట్టపల్లె. ఎమ్మిగనూరులో డిగ్రీ చదువుతూ, కాలేజీ అయ్యాక బస్సు వచ్చేదాకా గ్రంథాలయంలో కూర్చునేది. పుస్తకం తీసుకుపోతే గడువులోగా తెచ్చేది కాదు. "పుస్తకం నీ తాతదా?" అని అందరి ముందూ కడిగేసేదాన్ని. తల వంచుకుని నిలబడి, తిట్లన్నీ అయ్యాక ఇంకో పుస్తకం తీసుకుని పోయేది. సంక్రాంతి తర్వాత మళ్ళీ కనపడలేదు. చివర తీసుకుపోయిన పుస్తకం కూడా రాలేదు.

శుక్రవారం మాకు వారం సెలవు కాబట్టి ఆ రోజు బస్సెక్కాను. ఊరి మలుపు దగ్గర దించి కండక్టరు నా వైపు వింతగా చూశాడు. "ఈ ఊర్లో ఎవురున్నారని దిగుతాండారమ్మా?" అన్నాడు. నీకెందుకయ్యా అన్నట్టు చూసి దిగిపోయాను.

నాలుగడుగులు వేస్తే తెలిసింది. తలుపు తరవాత తలుపు, అన్నింటికీ బీగాలే. కొన్నింటికి బీగంతో పాటు కంపచెట్టు కొమ్మలు అడ్డంగా పెట్టి ఉన్నాయి. కోళ్ళు కూడా లేవు. నా చెప్పుల చప్పుడు నాకే వినపడుతోంది. వీధి మధ్యలో ఒక అరుగు మీద యాభై ఏళ్ళ మనిషి కూర్చున్నాడు. ఒక కాలు మోకాలి కింద వంకరపోయి ఉంది, పక్కన కర్ర. నన్ను చూసి లేవబోయి కూర్చున్నాడు.

"యారమ్మా? ఎవురు కావల్ల?"

"ఈశ్వరి అని డిగ్రీ చదివే అమ్మాయి..."

"మా అన్న కూతురే. నేను ఉచ్చీరప్పను. సుగ్గికి పోయింది కదమ్మా, అందరూ సుగ్గికే పోయినారు. గుంటూరు సీమలో మిరప్పండ్లు కోసేకి. మళ్ళ ఉగాదికే వచ్చేది."

నేను అక్కడే ఆయన ఎదురుగా అరుగు మీద కూలబడ్డాను. నేనూ ఈ తాలూకాలోనే పుట్టినదాన్ని. మాఘమాసం వస్తే మెట్టపల్లెలు ఖాళీ అవుతాయని ఇక్కడ పసిపిల్లకు కూడా తెలుసు. నాకు మాత్రం మాఘమంటే తెల్లారి స్నానాలు, మధ్వనవమి, మఠంలో భోజనం. పంచాంగం నా చేతిలోనే ఉంది, దాంట్లో సుగ్గి అని ఎక్కడా రాసి లేదు. ఇక ఆ దీపశ్రీ అయితే జనాన్ని పిలుచుకుని రమ్మని జనం లేని నెల చూసి మరీ పెట్టింది. ఇద్దరికీ ఇద్దరమే! మంత్రాలయం రాయరే, నా బుద్ధికి ఏమయింది అని తల కొట్టుకున్నాను.

"అంత దూరం నుంచి వచ్చినారు. మాట్లాడతారా ఉండండి," అని ఉచ్చీరప్ప జేబులోంచి ఫోను తీసి, నేను వద్దనేలోపే మీట నొక్కేశాడు. "ఈశ్వరీ, మీ లైబ్రరీ మేడం వచ్చిందిమే, మనూరికి!" అని అరిచి నా చేతికిచ్చాడు.

అవతల గాలి హోరు, ఎవరో ఎవరినో కేకేస్తున్న చప్పుడు. తర్వాత సన్నగా ఆ పిల్ల గొంతు.

"మేడం... బుక్కు నా దగ్గరే ఉంది మేడం. ఇంట్లో పెడితే ఎలుకలు కొరుకుతాయని నా జతకే తెచ్చుకున్నా. తడవకుండా కవర్లో చుట్టి పెట్టినా. వస్తానే తెచ్చిచ్చేస్తా. తిట్టద్దు మేడం."

పుస్తకం కోసం వాళ్ళ ఊరిదాకా వచ్చాననుకుంది. అంత దూరాన, మిరపచేలో, నేను వచ్చానని వినగానే ఆ పిల్లకు గుర్తొచ్చింది నా తిట్లు. నాకు ఏడుపొచ్చింది. మింగాను.

"దాని గురించి కాదమ్మా," అన్నాను.

"మళ్ళ ఏమిటికి మేడం?"

నా కోసం వచ్చి నాలుగు మాటలు చెబుతావా అని ఎట్లా అడగను? కూలి వదులుకుని గుంటూరు నుంచి రమ్మంటానా? "ఏం లేదు. బాగున్నావా అని," అన్నాను.

"నేనా మేడం?" అంది.

"నువ్వే. కాలేజీ?"

"ఉగాది అయినాక చూడల్ల మేడం. మేస్త్రీ పిలుస్తాండాడు, పెట్టేస్తా మేడం." ఫోను ఆగిపోయింది.

ఉచ్చీరప్ప ఫోను తీసుకుని పంచెతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈయనకు మెట్లు ఎక్కడం కష్టం, చదువు కూడా వచ్చినట్టు లేదు. దీపశ్రీ చెప్పిన మనుషుల్లో ఇద్దరు ఈయనొక్కడిలోనే ఉన్నారు. సిగ్గు విడిచి అడిగాను.

"మీరు వస్తారా అన్నా బుధవారం ఆదోనికి? ఆటో నేను మాట్లాడతాను."

ఆయన నడుముకు కట్టుకున్న తాడు ఎత్తి చూపించాడు. దాని నిండా బీగం చెవులే. "వీధి వీధంతా నాకు అప్పజెప్పి పోయినారమ్మా. నేను లేస్తే ఈ ఇండ్లకు దిక్కెవురు? అయినా నేను మీ లైబ్రరీ చూసిందే లేదు. చూడందాని గురించి ఏం చెప్పేది?"

తిరుగు బస్సుకు చాలా పొద్దుంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. తన కాలు బండి చక్రం కింద పడిన సంగతి, ఎవరింట్లో ఎవరు ఏమేమి వదిలిపోయారు, ఏ ఇంట్లో పిల్లి ఈనింది, అన్నీ. నేను చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి వింటూ కూర్చున్నాను. లేచేటప్పుడు, "మళ్ళ రాండమ్మా, ఉగాది దాకా ఈడనే ఉంటా," అన్నాడు. బస్సు కిటికీలోంచి చూస్తే ఆ వీధిలో ఆయనొక్కడే కనబడ్డాడు. ఆయన మీద కంటే నా మీదే నాకు ఎక్కువ జాలేసింది. ఆయన మనుషులు ఉగాదికి వచ్చేస్తారు.

బుధవారం ఒంటికి బాగాలేదని ఇంట్లో ఉండిపోదామనుకున్నాను. పొద్దున లేచి గుమాస్తాకు ఫోను చేయబోయి మానుకున్నాను. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి. ఉతికిన చీర కట్టుకుని బస్సెక్కాను.

హాల్లో ముందు వరుస కుర్చీలకు ఊళ్ళ పేర్లు అంటించి ఉన్నాయి. ఒక్కొక్కరూ తమ మనిషిని కూర్చోబెట్టి, నీళ్ళు కావాలా, ఫ్యాను తగులుతోందా అని చూసుకుంటున్నారు. భీమక్క అని పత్తి ఏరే ఆమె చంకలో మనవరాలితో వచ్చింది. కృపమ్మ వెంట మద్దికెర నుంచి కాశప్ప అనే పెద్దాయన వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనిచేసి, ఆ మిషన్ల హోరుకు రెండు చెవులూ పోగొట్టుకున్నాడట. చెవి దగ్గర గట్టిగా అరిస్తే తప్ప వినపడదు కాబట్టి, ఆయనకు ఏది చెప్పాలన్నా కృపమ్మ పలక మీద రాసి చూపిస్తోంది. "ఎమ్మిగనూరు" అని రాసిన కుర్చీ ఆయన పక్కనే ఖాళీగా ఉంది. నేను వెనక వరుసలో, స్తంభం చాటున కూర్చున్నాను.

ఒక్కొక్కరే లేచి చెప్పారు. భీమక్క, మనవరాలు బొమ్మల పుస్తకం చూస్తుంటే తనకూ చూడబుద్ధేస్తుందని, అడిగేకి సిగ్గని చెప్పింది. కాశప్ప వంతు వచ్చింది. చెవుడు కాబట్టి గొంతు పెద్దది.

"అంగట్లో, ఇంట్లో, యాడ పోయినా అందరూ మాట్లాడుకుంటాంటారు, నేను మొహాలు చూసుకుంటాంటాను. లైబ్రరీలో ఎవురూ మాట్లాడరు. ఆడ నేనూ అందర్లాంటోణ్ణే. అందుకని వస్తా," అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టారు. ఆయన వాళ్ళ చేతులు చూసి నవ్వాడు.

"ఎమ్మిగనూరు నుంచి ఎవరు?" అంది దీపశ్రీ.

అందరి తలలూ ఖాళీ కుర్చీ వైపు తిరిగాయి, తర్వాత నా కోసం వెతికాయి. ఎవరూ దొరకలేదమ్మా అని చెప్పి కూర్చుంటే సరిపోయేది. అట్లా చెప్పడానికే లేచాను. లేచినదాన్ని ఎందుకు నడిచానో నాకు తెలియదు. నేరుగా ముందు వరుసకు పోయి ఎమ్మిగనూరు కుర్చీలో కూర్చున్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. దీపశ్రీ నవ్వలేదు. మైకు నా చేతికిచ్చింది.

"నా పేరు ఇందిరాబాయి," అన్నాను. "నేను దినమూ లైబ్రరీకి వస్తాను. అందరికంటే ముందు వస్తాను, అందరికంటే వెనక పోతాను. ఇంకెవర్నన్నా పిలుచుకుని రావాలని చూసినా. దొరకలేదు. ఆ లైబ్రరీ లేకపోతే గడవని మనిషి మా ఊర్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంది."

"గ్రంథాలయం నుంచి మీకేం కావాలమ్మా?" అంది దీపశ్రీ. ముందు వరుసలో వాళ్ళను అడిగినట్టే అమ్మా అంది, మేడం అనలేదు.

ఇదీ అదీ అని ఆలోచించుకుని రాలేదు. నోటికి వచ్చేసింది.

"శుక్రవారం తెరవండి."

"ఎందుకమ్మా?"

"తక్కిన దినాలు ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. పేపరు రాలేదా మేడం అంటారు, ఫ్యాను తిరగలేదు మేడం అంటారు. నేను తిడతాను. తిట్టేకి అయినా ఒక మనిషి ఎదురుగా ఉంటాడు. శుక్రవారం నన్ను ఎవరూ ఏమీ అనరు. శనివారం పొద్దున మొదటి మాట మాట్లాడేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంటాది. ఏప్రిల్ అయిపోతే నాకు దినమూ శుక్రవారమే."

ఇంకేమీ చెప్పడానికి లేదు. వెనక నుంచి ఎవరో, "శుక్రవారం సెలవు మన చేతిలో లేదు కదా మేడం, పైనుంచి ఆర్డరు రావల్ల," అన్నారు. దీపశ్రీ చెయ్యెత్తి ఆపింది. "జవాబు చెప్పొద్దు, వినమన్నాను," అని, తిరిగి బోర్డు మీద శుక్రవారం అని రాసింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. కొట్టనందుకు వాళ్ళకు రుణపడి ఉన్నాను.

భోజనాలకు వదిలారు. అందరూ లేచారు. మా వాళ్ళు గుంపుగా తలుపు దగ్గర నిలబడి నా వైపు చూడకుండా చూస్తున్నారు. నేను లేచి ఆ గుంపులోకి పోవాలి. పోలేకపోయాను. కూర్చునే ఉన్నాను.

పక్క కుర్చీలో కాశప్ప కూడా కృపమ్మ కోసం కాచుకుని కూర్చున్నాడు. నేను చెప్పింది ఒక్క ముక్కా ఆయన చెవిన పడలేదు. నా చీర వైపు, కుర్చీకి అంటించిన పేరు వైపు చూసి, నేనూ తనలాగే ఎవరి వెంటో వచ్చినదాన్ననుకున్నాడు.

"ఎమ్మిగనూరా అమ్మా? మిమ్మల్ని ఎవురు పిల్చకొచ్చిరి?" అని గట్టిగా అడిగాడు.

"ఎవరూ లేరు," అన్నాను.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ?" అన్నాడు.

పలక కృపమ్మ దగ్గర ఉంది. నాకు ఇంకో దారి లేదు. ఆయన చెవి దగ్గరికి వంగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఎవరూ పిల్చకరాలేదన్నా! నేనే వచ్చినా! ఒక్కదాన్నే!"

తలుపు దగ్గర మాటలు టక్కున ఆగిపోయాయి. ఈసారి ఆయనకు వినపడింది. తల ఊపాడు.

"ఒక్కరే ఎందుకు, పోయేటప్పుడు మా జతలో రాండి. ముందుగా ఎక్కి మీకు సీటు పట్టిస్తా," అన్నాడు.

వాళ్ళ మద్దికెర ఆదోనికి ఒక పక్క, మా ఎమ్మిగనూరు ఇంకో పక్క. ఆ బస్సెక్కితే నేను ఇల్లు చేరను.

"సరేనన్నా! కిటికీ పక్కన పట్టు!" అని మళ్ళీ అరిచాను.